కృత్రిమంగా నీరు తయారు చేయొచ్చా? చేస్తే గిట్టుబాటవుతుందా?

ప్రశ్నార్థకం

రెండు పాళ్లు హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ కలిస్తే నీరని బడిపిల్లలకీ తెలుసు. ఆక్సిజన్ గాల్లో కావలసినంత ఉంది. మరి నీటి ఎద్దడి ఉన్నచోట ఈ రెండూ కలిపి నీళ్లు చేసుకోవచ్చు కదా, ఎవరూ ఎందుకు చేయరు? "ప్రమాదం", "ఖర్చు" అని రెండు ముక్కల్లో తేల్చేయకండి. లీటరు నీటికి ఏది ఎంత కావాలో, ఎక్కడ బెడిసికొడుతుందో లెక్కలతో చెప్పేవాళ్లుంటే చెప్పండి.

రసాయనశాల

చేయొచ్చు, అందులో అనుమానం లేదు. హెన్రీ కావెండిష్ 1781లోనే చేశాడు. "మండే గాలి"ని (హైడ్రోజన్‌కు అప్పటి పేరు) మామూలు గాలితో కలిపి మూసిన గాజుపాత్రలో విద్యుత్ రవ్వతో పేలిస్తే లోపలి గోడలకు మంచు పట్టినట్టు తేమ పట్టింది. అది శుద్ధమైన నీరేనని పరీక్షించి 1784లో ప్రచురించాడు. ఈలోగా 1783లో లావోయిజె, నీరు మూలకం కాదు, సమ్మేళనం అని ప్రకటించాడు. హైడ్రోజన్ అన్న పేరుకు గ్రీకులో అర్థమే నీటిని పుట్టించేది అని.

మీరడిగిన లీటరు లెక్క ఇదీ. 18 గ్రాముల నీటిలో 2 గ్రాములు హైడ్రోజన్, 16 గ్రాములు ఆక్సిజన్. అంటే కిలో నీటికి 112 గ్రాముల హైడ్రోజన్, 888 గ్రాముల ఆక్సిజన్ కావాలి. బరువులో చూస్తే హైడ్రోజన్ ఏపాటిది అనిపిస్తుంది. ఘనపరిమాణంలో చూడండి: సున్నా డిగ్రీల దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో 1,244 లీటర్ల హైడ్రోజన్, 622 లీటర్ల ఆక్సిజన్. ఇంత వాయువూ కలిసి ఒక్క లీటరు సీసాలో ఇమిడిపోతుంది.

కొత్తసభ్యుడు

రెండు లీటర్ల హైడ్రోజన్, ఒక లీటరు ఆక్సిజన్ కలిపితే మూడు లీటర్లు కాకపోయినా కనీసం ఒకటైనా రావాలిగా?

రసాయనశాల

రాదండీ. మీరు చెప్పిన రెండు లీటర్ల హైడ్రోజన్ నుంచి వచ్చేది 1.6 గ్రాముల నీరు. అర చెంచాడు కూడా కాదు. వాయువులో అణువులు దూరదూరంగా ఉంటాయి, ద్రవంలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. తేడా అంతా అక్కడే.

కొలిమి

కలపడం గురించి ఒక మాట. ఈ రెండు వాయువులూ ఒక డబ్బాలో కలిపి ఊరికే ఉంచితే ఏళ్లు గడిచినా నీరు పుట్టదు. ముందు బంధాలు తెగాలి, దానికి ఒక నిప్పురవ్వో ఉత్ప్రేరకమో కావాలి. ప్లాటినం పొడి ఉంటే మామూలు ఉష్ణోగ్రత దగ్గరే మొదలైపోతుంది. 1823లో డోబరైనర్ చేసిన దీపం అదే: ప్లాటినం స్పాంజి మీదికి హైడ్రోజన్ ఊదితే అదంతట అదే అంటుకునేది.

రవ్వ పెడితే మాత్రం అదుపు ఉండదు. గాల్లో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంతున్నా అంటుకుంటుంది. అంటించడానికి 0.02 మిల్లీజౌల్ చాలు. చేతికి చురుక్కుమనే స్టాటిక్ షాక్‌లో దీనికి ఎన్నో రెట్ల శక్తి ఉంటుంది. అందుకే "రెండు పాళ్లు ఒక పాలు కలిపి" అన్న మాట ఈ పనిలో ఎవరూ అనరు. కలిపి కాల్చరు, కాలే చోటే కలుపుతారు. హైడ్రోజన్ సన్నటి నాజిల్ గుండా బయటికి వచ్చి, అక్కడే గాలిని కలుసుకుని మంటగా మండాలి. అది బర్నర్. ముందే కలిపి పెట్టుకుంటే బాంబు.

బర్నర్ పద్ధతిలో కూడా ముంచేది మొదటి నిమిషమే. గొట్టాల్లో ముందునుంచి ఉన్న గాలి పూర్తిగా పోకముందే అగ్గి పెడితే మంట వెనక్కి పాకి పాత్ర పగులుతుంది. అందుకే ముందు నైట్రోజన్‌తో గొట్టాలు ఊదుతారు. తర్వాత బయటికొచ్చే వాయువును చిన్న పరీక్షనాళికలో పట్టి, దూరంగా తీసుకెళ్లి వెలిగించి చూస్తారు. కీచుమని "టప్" అంటే ఇంకా గాలి ఉన్నట్టు. చప్పుడు లేకుండా మెల్లగా కాలితే శుద్ధంగా వస్తున్నట్టు. ఆపైన ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ (మంట వెనక్కి పాకకుండా ఆపే పరికరం) లేకుండా వెలిగించకూడదు. ఇంకోటి, ఈ మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు. చుట్టూ ఏమీ లేదనుకుని చెయ్యి పెడితే గాల్లోనే 2,000 డిగ్రీలకు పైబడిన మంట.

లెక్కలపుస్తకం

కొలిమి గారు అగ్గి దగ్గర ఆపేశారు. అసలు తిప్పలు ఆ తర్వాతే, వేడి దగ్గర.

లీటరు నీరు పుడుతూ 15.9 మెగాజౌళ్ల వేడి వదులుతుంది. యూనిట్లలో 4.4. గంటకు లీటరు చొప్పున చేయాలంటే 4.4 కిలోవాట్ల హీటర్ ఆపకుండా నడుస్తున్నట్టు. ఆ వేడి తీసేస్తే తప్ప ఆవిరి నీరు కాదు. కండెన్సర్‌లో నీళ్లు పారించి చల్లారుద్దాం అంటారా, నీరు 20 డిగ్రీలు వేడెక్కనిస్తే లీటరుకు 190 లీటర్లు పారాలి. వాటిని మళ్లీ వాడుకోవచ్చు కదా అని కూలింగ్ టవర్ పెడితే ఇంకా కామెడీ: అంత వేడిని గాలిలోకి వదలడానికి సుమారు ఆరున్నర లీటర్లు ఆవిరైపోతాయి. ఒక లీటరు పుట్టించడానికి ఆరున్నర లీటర్లు గాలికి వదిలినట్టు. కాబట్టి చల్లార్చేది గాలితోనే, పెద్ద రేడియేటర్, ఫ్యాన్‌తో.

గాలితో చల్లారిస్తే ఇంకో చిల్లు ఉంది. ఆక్సిజన్ కోసం వాడేది మామూలు గాలి అయితే ప్రతి లీటరు నీటికీ గది వేడిమిలో దగ్గరదగ్గర 2,600 లీటర్ల నైట్రోజన్ ఊరికే లోపలికొచ్చి బయటికి పోతుంది. పోతూ పోతూ వట్టి చేతులతో పోదు, ఆవిరి మోసుకుపోతుంది. పొగగొట్టం దగ్గర 40 డిగ్రీలుంటే, లోపలికి పొడి గాలే వచ్చిందనుకున్నా, లీటరులో దాదాపు 148 గ్రాములు అలా పోతాయి. 25 డిగ్రీలకు చల్లార్చగలిగితే 60 గ్రాములు. మంట బాగా కాలాలని రెట్టింపు గాలి వదిలితే 40 డిగ్రీల దగ్గర 300 గ్రాములు దాటుతుంది. మూడో వంతు పొగగొట్టం పాలు.

ప్రశ్నార్థకం

శుద్ధమైన ఆక్సిజన్ వాడితే ఆ నైట్రోజన్ గొడవ ఉండదుగా?

కొలిమి

ఉండదు, కానీ మంట 2,800 డిగ్రీలకు పోతుంది. మామూలు ఉక్కు నాజిల్ కరిగిపోతుంది. గాలితో కాలిస్తే ఆ వేడికి నైట్రోజన్ కొంత ఆక్సైడ్లుగా మారి నీటిలో కలుస్తుంది, నీరు పుల్లబడుతుంది. రెంటిలో ఏదో ఒకటి భరించాలి.

లెక్కలపుస్తకం

సరే, అవన్నీ కట్టుదిట్టంగా చేశాం అనుకుందాం. ఆ 112 గ్రాముల హైడ్రోజన్ ఎక్కడిది?

విద్యుద్విశ్లేషణతో, అంటే నీటిలో కరెంటు పంపి విడగొట్టి తీస్తే ఇప్పటి యంత్రాలకు కిలో హైడ్రోజన్‌కు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు పడుతుంది. లీటరు నీటికి సరిపడే హైడ్రోజన్‌కు 5.8 యూనిట్లు. బల్ల మీద చేసే చిన్న సెల్‌లో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది: ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే వచ్చే హైడ్రోజన్ నుంచి తిరిగి చేయగలిగే నీరు 0.336 గ్రాములు. లీటరు కావాలంటే దాదాపు 2,975 ఆంపియర్-గంటలు. 10 ఆంపియర్ల సెల్ పెట్టుకుంటే పన్నెండు రోజులకు పైగా రాత్రింబవళ్లు నడవాలి.

ఇంతాచేసి ఆ సెల్‌లో పోసింది ఏమిటి? నీరే. కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది లీటర్లు లెక్క ప్రకారమే పోయాలి, శుద్ధి చేసేటప్పుడు పారబోసేది కాక. పుల్లయ్య వేమవరం వెళ్లొచ్చిన సామెత ఇలాంటి పనుల కోసమే పుట్టి ఉంటుంది.

సముద్రపునీరు

పోల్చి చూసుకోవడానికి: సముద్రపు నీటిని రివర్స్ ఆస్మాసిస్‌తో మంచినీరు చేయడానికి వెయ్యి లీటర్లకు 3 నుంచి 4 యూనిట్లు. మళ్లీ చదవండి, వెయ్యి లీటర్లకు. పైన లీటరుకు 5.8. అంటే సుమారు 1,600 రెట్లు.

ఎందుకింత తేడా అంటే, ఉప్పునీటిలో నీరు ఇప్పటికే నీరు. ఉప్పును దూరంగా ఉంచితే చాలు. దానికి 27 బార్ల (బార్ అంటే దాదాపు మామూలు గాలి పీడనమంత) ఆస్మాటిక్ పీడనాన్ని, అంటే ఉప్పునీరు మంచినీటిని తనవైపు లాగే ఒత్తిడిని దాటాలి, ప్లాంట్లలో 55 నుంచి 70 బార్ల దాకా పెడతారు. హైడ్రోజన్ దారిలోనైతే బంధాలు తెంచి మళ్లీ కట్టాలి. భూమి మీద 138 కోట్ల ఘన కిలోమీటర్ల పైచిలుకు నీరుంది, అందులో మంచినీరు రెండున్నర శాతమే. కొరత ఉన్నది మంచినీటికి, నీటి అణువులకు కాదు.

మొండిపట్టు

అందరూ విద్యుద్విశ్లేషణ దగ్గరే ఆగిపోయారు. లోకంలో హైడ్రోజన్ ఎక్కువగా తయారయ్యేది సహజవాయువు నుంచి. దానికి కరెంటు ఇంత పట్టదు. పైగా కాస్టిక్ సోడా ఫ్యాక్టరీల్లో హైడ్రోజన్ ఉపఉత్పత్తిగా ఊరికే వస్తుంది. వాటితో చేస్తే?

రసాయనశాల

మంచి ప్రశ్న. రెండూ విప్పి చూద్దాం.

సహజవాయువులో ముఖ్యమైనది మీథేన్. దాన్ని నీటి ఆవిరితో కలిపి, నికెల్ ఉత్ప్రేరకం మీద 800 డిగ్రీల దాపు వేడిలో హైడ్రోజన్ తీస్తారు. ఒక మీథేన్ అణువుకు రెండు నీటి అణువులు వేస్తే నాలుగు హైడ్రోజన్ అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్. ఆ నాలుగూ కాలిస్తే నాలుగు నీటి అణువులు. రెండు వేసి నాలుగు తీశాం. లీటరు నీరు కావాలంటే అర లీటరు నీరు ముందే పోయాలన్నమాట. నికరంగా మిగిలింది రెండు. మీథేన్‌ను నేరుగా పొయ్యిలో కాల్చినా వచ్చేది ఆ రెండే! మధ్యలో రిఫార్మర్ (హైడ్రోజన్ తీసే ఆ యంత్రం), కంప్రెసర్, సిలిండర్ అన్నీ దండగ.

కాస్టిక్ సోడా సంగతీ అంతే. ఉప్పునీటిలో కరెంటు పంపితే టన్ను క్లోరిన్‌తోపాటు 28 కిలోల హైడ్రోజన్ వస్తుంది. కాలిస్తే 250 లీటర్ల నీరు. కానీ ఆ చర్యలో ఖర్చయిన నీరు 500 లీటర్లు. ఊరికే వచ్చిందనుకున్న హైడ్రోజన్, మనం పోసిన నీటిలో సగమే.

మొండిపట్టు

ఒప్పుకున్నాను. అయితే నేరుగా గ్యాస్ కాల్చి ఆవిరి పట్టుకోవచ్చు కదా?

కొలిమి

పట్టుకుంటున్నారు కూడా. పొగలోని ఆవిరి వేడిని కూడా పిండుకునే కండెన్సింగ్ బాయిలర్లలో ఇదే జరుగుతుంది, వాళ్లకు కావలసింది వేడి, నీరు డ్రెయిన్‌లోకి. కిలో ప్రొపేన్ కాలితే 1.64 కిలోల నీరు, బ్యూటేన్ అయితే 1.55. కాల్చిన ఇంధనం కంటే వచ్చిన నీరే బరువు, ఎందుకంటే అందులో ఎక్కువ పాలు గాల్లోంచి తెచ్చుకున్న ఆక్సిజన్‌ది. మీథేన్‌తో లీటరు నీరు కావాలంటే 444 గ్రాములు కాల్చాలి, దాంతోపాటు 1.2 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి.

ఆ నీరు తాగడానికి పనికిరాదు. కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు కరిగి పుల్లగా ఉంటుంది. రాగి గొట్టాన్నీ, మామూలు ఉక్కునూ తినేస్తుంది. అందుకే బాయిలర్ డ్రెయిన్‌కు ప్లాస్టిక్ గొట్టం వేసి, సున్నపురాయి ముక్కల డబ్బా గుండా పంపి వదులుతారు.

గగనవిహారి

భూమి మీద దండగే. కానీ అసలు ఈ పని చేసి, ఆ నీళ్లే తాగిన మనుషులున్నారు.

అపోలో నౌకల్లో కరెంటు కోసం మూడు ఫ్యూయల్ సెల్స్ ఉండేవి. ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ ట్యాంకుల నుంచి వాయువులు వచ్చి, పొటాషియం హైడ్రాక్సైడ్ ఉన్న సెల్‌లో మంట లేకుండా కలుస్తాయి. కరెంటు పుడుతుంది, నీరు మిగులుతుంది. వ్యోమగాములు తాగింది, పొడి ఆహారంలో కలుపుకున్నది ఆ నీరే. ఇబ్బంది ఎక్కడంటే, నీటిలో హైడ్రోజన్ బుడగలు కలిసి వచ్చేవి. బరువులేని చోట బుడగ పైకి తేలదు, నీటితోపాటే కడుపులోకి పోయి ఉబ్బరం చేస్తుంది. తర్వాత వచ్చిన అంతరిక్ష షటిల్‌లో దీనికోసం ప్రత్యేకంగా హైడ్రోజన్‌ను వేరుచేసే పరికరం పెట్టారు. 1970లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలాక కరెంటు, నీరు రెండూ ఆగిపోవడానికి కారణం కూడా ఇదే, రెండూ ఒకే డబ్బాలోంచి వస్తున్నాయి.

షటిల్ ఫ్యూయల్ సెల్స్ మూడూ కలిసి గంటకు 11 కిలోల దాకా నీరు ఇవ్వగలిగేవి. తాగగా మిగిలింది బయటికి వదిలేసేవారు.

ప్రశ్నార్థకం

అంతరిక్ష కేంద్రంలోనూ ఇదేనా?

గగనవిహారి

కాదు, అక్కడ కరెంటు సోలార్ పలకల నుంచి. అక్కడ ఇంకో చర్య ఉంది, సబాటియర్. మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను హైడ్రోజన్‌తో కలిపి, వేడి ఉత్ప్రేరకం మీద పంపితే మీథేన్, నీరు వస్తాయి. 2010లో ఆ పరికరం పెట్టారు. హైడ్రోజన్ ఎక్కడిది అంటే, ఊపిరి కోసం నీటిని విడగొట్టి ఆక్సిజన్ తీసినప్పుడు మిగిలేది. అంతకుముందు దాన్ని బయటికి వదిలేసేవారు. ఈ చర్య చేసినా సగం హైడ్రోజన్ మీథేన్ రూపంలో బయటికే పోతుంది, నాలుగు అణువుల్లో రెండు మాత్రమే నీటిలోకి తిరిగి వస్తాయి. ఇక మూత్రం, చెమట, గాల్లో తేమ అన్నీ శుద్ధి చేసి తిరిగి రాబట్టడంలో 2023లో 98 శాతానికి చేరారు. అక్కడ కూడా పెద్ద పద్దు కొత్త నీరు కాదు, పాత నీరే.

కొత్తసభ్యుడు

అయితే ఇంట్లో ఒక ఫ్యూయల్ సెల్ పెట్టుకుంటే కరెంటూ నీరూ రెండూ వస్తాయిగా! ఒకే దెబ్బకు రెండు పిట్టలు.

లెక్కలపుస్తకం

పిట్టలకు మేత వేయాలి కదండీ. సెల్ 0.7 వోల్టుల దగ్గర నడుస్తుంటే యూనిట్ కరెంటుకు 480 గ్రాముల నీరు. కిలోవాట్ సెల్ రోజంతా నడిస్తే 11.5 లీటర్లు. బాగానే ఉంది. కానీ అందుకు 1.3 కిలోల హైడ్రోజన్ కావాలి. 50 లీటర్ల ఉక్కు సిలిండర్‌లో 200 బార్ల పీడనంతో కుక్కి నింపినా పట్టేది సుమారు 740 గ్రాములే. రోజుకు దాదాపు రెండు సిలిండర్లు మోయాలి.

ఆ సిలిండర్‌ను ఇంకోలా చూడండి. అందులోని హైడ్రోజన్ మొత్తం నీరుగా మారిస్తే ఆరున్నర లీటర్లు. అదే సిలిండర్‌లో హైడ్రోజన్‌కు బదులు నీళ్లే నింపి మోసుకొస్తే 50 లీటర్లు. నీరు కావలసినవాడు నీరు మోయడమే మేలు.

ఇంకో విచిత్రం. మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చిన హైడ్రోజన్ లీటరుకు 71 గ్రాములు. మామూలు నీళ్లు లీటరు తీసుకుంటే అందులో హైడ్రోజన్ 112 గ్రాములు.

రసాయనశాల

ఫ్యూయల్ సెల్ నీటి గురించి ఒక జాగ్రత్త. ఇప్పుడు వాహనాల్లో వాడే రకంలో ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది అరిగేకొద్దీ నీటిలో ఫ్లోరైడ్ జాడ కనిపిస్తుంది, నీరు కాస్త పుల్లబడుతుంది. పొర ఎంత పాడైందో తెలుసుకోవడానికి ఆ ఫ్లోరైడ్‌నే కొలుస్తారు. శుద్ధమైన నీరే కదా అని గ్లాసు పట్టకూడదు.

ఏ పద్ధతిలో చేసినా ఖనిజాలు ఉండవు. అలాంటి నీరు గొట్టంలోని లోహాన్ని కరిగించుకుంటుంది, గాలి తగిలితే కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని ఆమ్లత పెంచుకుంటుంది. తాగడానికి ఇవ్వాలంటే కాల్సైట్ (సున్నపురాయిలోని ఖనిజం) గుళికల మీదుగా పంపి కొంచెం కాల్షియం చేర్చాలి.

సముద్రపునీరు

"గాలి నుంచి నీరు" యంత్రాలను కూడా ఈ లెక్కలో కలిపేస్తుంటారు, అది వేరు. అక్కడ నీరు పుట్టదు, గాల్లో ఉన్న ఆవిరిని చల్లార్చి పట్టుకోవడమే, ఏసీ గొట్టంలోంచి కారే నీటిలాగా.

30 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే ఘనమీటరు గాలిలో 18 గ్రాముల ఆవిరి. 10 డిగ్రీలకు చల్లారిస్తే సుమారు 9 గ్రాములు గాల్లోనే ఉండిపోతాయి, చేతికొచ్చేది మిగిలిన 9 గ్రాములు. లీటరు కోసం సుమారు 110 ఘనమీటర్ల గాలి తిప్పాలి. అదే 30 డిగ్రీల దగ్గర తేమ 30 శాతమైతే మొత్తం ఆవిరే 9 గ్రాములు, 10 డిగ్రీలకు చల్లార్చినా దాదాపు ఏమీ రాలదు. ఇంకా చల్లారిస్తే కాయిల్ మీద మంచు పేరుకుని గాలి దారి మూసుకుంటుంది. ఎక్కడ నీరు బాగా అవసరమో ఆ పొడి చోటే యంత్రం మొండికేస్తుంది. పని చేసే చోట కూడా లీటరుకు సుమారు 0.3 నుంచి 1 యూనిట్ దాకా లాగుతుంది. హైడ్రోజన్ దారి కంటే చవక, ఉప్పు తీయడం కంటే ఎన్నో రెట్లు ఖరీదు.

మేఘమథనమూ అంతే. సిల్వర్ అయొడైడ్ చల్లితే మబ్బులో ఉన్న చుక్కలకు గింజ దొరుకుతుంది. మబ్బు లేని ఆకాశం మీద చల్లితే చల్లిందే మిగులుతుంది.

గగనవిహారి

అన్నట్టు, ఈ చర్చ చదివేవాళ్లందరి ఒంట్లోనూ ఈ క్షణం కొత్త నీరు తయారవుతోంది. 100 గ్రాముల కొవ్వు ఒంట్లో పూర్తిగా ఖర్చయితే 107 గ్రాముల నీరు. మొత్తం మీద రోజుకు పావు లీటరు పైచిలుకు. ఎడారిలోని కంగారూ ఎలుక దాదాపు దీనిమీదే బతికేస్తుంది.

ప్రశ్నార్థకం

అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి, సిలిండర్లూ పేలుళ్లూ లేకుండా నీరు పుట్టడం కంటితో చూసే మార్గం ఉందా?

కొలిమి

వంటగ్యాస్ పొయ్యి చాలు. ఒక స్టీలు గిన్నె తీసుకుని అడుగు పొడిగుడ్డతో తుడవండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఐసు వేయొద్దు. వేస్తే గాల్లో తేమే వచ్చి కూర్చుంటుంది, ఏది మంట నీరో ఏది గాలి నీరో తేలదు. గది వేడిమిలో ఉన్న గిన్నెకైతే గాల్లోంచి తేమ పట్టదు. మంట సన్నగా పెట్టి, గిన్నెను కాస్త ఎత్తున పట్టుకోండి. రెండు మూడు క్షణాల్లో అడుగున మసక కమ్ముతుంది, ఒక్కోసారి చిన్న బొట్లు కూడా కడతాయి. వెంటనే చూడాలి. లోహం యాభై అరవై డిగ్రీలకు వెచ్చబడగానే ఆ తడి మాయమవుతుంది. ఇంకోసారి చూడాలంటే గిన్నెను చల్లారనిచ్చి, మళ్లీ తుడిచి మొదలుపెట్టాలి. గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి ఎక్కించినప్పుడు మొదట్లో అడుగున తడి కనిపిస్తే గిన్నెకు చిల్లి పడిందేమోనని అనుమానపడేది దీన్ని చూసే.